దింపబోతే కాళ్ళు ముడుచుకున్న పిల్ల

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ అందిన రోజే చదివాను. చదవడం అయ్యాక వెనక్కి వెళ్ళి మూడో పేజీలో ఒక్క వాక్యం కోసం వెతుక్కున్నాను. "చంకలోంచి దింపబోతే చిన్ని కాళ్ళు పైకి ముడుచుకుంది, నేల తగలనివ్వలేదు." ఈ ఉత్తరం నా చేత రాయిస్తున్నది ఆ వాక్యమే. అది రాయగలిగినవాడు ఏడో పేజీకొచ్చేసరికి పుట్టినరోజు కేకు మీద ఆ పిల్ల ముక్కులోంచి రక్తం కార్పించాడు. అక్కడ నాకు కోపం ఆగలేదు.

ముక్కులోంచి రక్తం, కళ్ళజోడు తీసి తుడుచుకునే డాక్టరు, "సారీ, మూడు నెలలే" అనే మాట, బయట వాన. ఇవి సినిమాల్లో చూసీ చూసీ అరిగిపోయాయి. ఆ పిల్లకు నువ్వు పెట్టిన జబ్బు న్యూరోబ్లాస్టోమా. పేరు వెతికి పట్టుకున్నావు గానీ పేరు దగ్గరే ఆగిపోయావు. "నరాల క్యాన్సర్" అని డాక్టరు చేత అనిపించి, మరుసటి పేరాలో తలకు ఆపరేషన్ చేయించావు. ఇది తలలో పుట్టే గడ్డ కాదు తమ్ముడూ. గుండె వేగం, బీపీ, చెమట మన ప్రమేయం లేకుండా నడిపే సింపథెటిక్ నరాలు ఉంటాయి. బిడ్డ కడుపులో రూపు దిద్దుకునేటప్పుడు ఆ నరాలు కావలసిన లేత కణాలు ఎదగకుండా ఉండిపోయి, పెరుగుతూ పోతే ఈ గడ్డ అవుతుంది. ఎక్కువమందిలో పొట్టలో, కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో మొదలవుతుంది. వెన్నెముక పక్కన మెడ నుంచి నడుము కింది దాకా ఎక్కడైనా రావచ్చు. పదిమందిలో తొమ్మిదిమంది 5 ఏళ్ళ లోపు పిల్లలే. నీ చిన్నికి రెండేళ్ళన్నావు, వయసు వరకు సరిపోయింది.

నేను మొదటినుంచీ ఒకటే చెబుతాను, నా దగ్గరికి కథలు తెచ్చే అందరికీ విసుగొచ్చేలా చెబుతాను. రోగాన్ని కథలోకి పేరుతో తీసుకురాకు, గుర్తుతో తీసుకురా. పేరు ఎక్కడో చివర్లో, అందరూ అలసిపోయాక, ఒక రిపోర్టు కాగితం మీద రావాలి. అప్పటిదాకా జరిగేదే కథ.

నీ మూడో పేజీ వాక్యం అలాంటి గుర్తే. ఈ జబ్బు బయటపడేసరికే సుమారు సగంమంది పిల్లల్లో ఎముకలకో, ఎముకల్లోని మూలుగకో పాకి ఉంటుంది. రెండేళ్ళ పిల్ల "ఎముక నొప్పి" అని చెప్పలేదు. నడిచే పిల్ల నడక మానేస్తుంది, కుంటుతుంది, ఎత్తుకుంటే ఏడుస్తుంది, దింపితే ఇంకా ఏడుస్తుంది. నువ్వేమో దాన్ని గారాబం అని ఒక్క ముక్కలో తేల్చి, పుట్టినరోజు ఏర్పాట్లలోకి వెళ్ళిపోయావు. ఇంట్లోవాళ్ళు గారాబం అనుకోవాలి, నిజమే. నానమ్మ "చంక అలవాటు చేశావు, అనుభవించు" అని కోడల్ని దెప్పాలి. కానీ రాసేవాడివి, నీకు ఆ కాళ్ళు ఎందుకు ముడుచుకున్నాయో తెలిసుండాలి. తెలిస్తే నానమ్మ దెప్పిన మాట చదివేవాడికి గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడు. జ్వరం వచ్చి పోతుంటుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇస్తాడు. పిల్ల పాలిపోయిందని ఐరన్ టానిక్. పొట్ట ఉబ్బిందని నులిపురుగుల మందు. కుంటుతోందని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రేలో విరిగింది ఏమీ లేదంటాడు. బరువు తగ్గింది, జ్వరం పోవడం లేదు, టీబీ కావచ్చని ఇంకొకరు. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఒక్కొక్కరికీ జబ్బులో ఒక్కొక్క ముక్కే కనబడింది. నువ్వు మొదటి డాక్టరును డబ్బు మనిషిగా చూపించి, కార్పొరేట్ ఆసుపత్రి మీద పేజీన్నర తిట్టావు. అది వేరే కథలో రాసుకో. ఈ కథలో దాన్ని తీసెయ్. ముక్కలన్నీ ఒకచోట పెట్టి చూసే మనిషి ఎవరన్నదే ఇక్కడ ముఖ్యం.

చాలాసార్లు ఆ మనిషి ఇంట్లోనే ఉంటుంది. పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసే నానమ్మో, అమ్మమ్మో. ఛాతీ నుంచి కిందికి దిగిన అరచేతికి పక్కటెముకల కింద ఏదో గట్టిగా, గుట్టలు గుట్టలుగా తగులుతుంది. చెయ్యి ఆగుతుంది. రెండోవైపు తడిమి చూస్తుంది, అటు మెత్తగా ఉంటుంది. మళ్ళీ ఇటు. ఇంకా నూనె రాస్తూనే ఉంటుంది, కానీ కోడల్ని పిలుస్తుంది. నీ కథలో దెప్పుతూ వచ్చిన నానమ్మ చేతికే ఇది తగిలితే ఎలా ఉంటుందో ఆలోచించు. డాక్టరు కళ్ళజోడు అవసరమే పడదు.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. జబ్బు కంటి గూటి ఎముకల్లోకి పాకితే దెబ్బ తగలకుండానే కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోతుంది, ఒక్కోసారి కన్ను ముందుకు ఉబుకుతుంది. నేను ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసేవాణ్ణని నీకు తెలుసు. అలాంటి పిల్లను తెచ్చిన ఒక తల్లిని మా వరండాలో కనపడ్డ ప్రతివాళ్ళూ "ఎవరు కొట్టారమ్మా?" అని అడగడం చూశాను. బల్ల మీద కూర్చున్న ముసలావిడ దిష్టి అంది. ఇంకొకాయన తండ్రి తాగుతాడా అని అడిగాడు. ఆ తల్లి జవాబు చెప్పడం మానేసి పిల్ల ముఖాన్ని కొంగుతో కప్పేసింది. ఇంకా కొందరు పిల్లల్లో కళ్ళు అదుపు లేకుండా అటూ ఇటూ గంతులేస్తాయి, చేతులు అదురుతాయి, నడుస్తూ తూలి పడిపోతారు. ఇంట్లో ఫిట్స్ అనుకుంటారు. అలాంటి పిల్లల్లో దాదాపు సగంమందికి ఒంట్లో ఎక్కడో ఈ గడ్డ దాక్కుని ఉంటుంది. పొట్టతో ఏ సంబంధం లేనట్టు కనిపించే గుర్తు అది.

ఇక పరీక్షలు. "అన్ని టెస్టులూ అయ్యాయి" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నా కడుపు రగిలింది అక్కడే. ఇందులో పాత కోపం కూడా ఉంది, దాచను. చాలా ఏళ్ళ కిందట ఇదే జబ్బు మీద నేనొక కథ రాశాను. ఆ గడ్డ అడ్రినలిన్ జాతి రసాయనాలు తయారుచేస్తుంది. అవి విరిగి వీఎంఏ, హెచ్‌వీఏ అనే పదార్థాలుగా మూత్రంలో పోతాయి. నూటికి తొంభైమంది పిల్లల్లో అవి ఎక్కువగా కనిపిస్తాయి. అందుకని పిల్ల ఒంటికి చిన్న ప్లాస్టిక్ సంచి అంటించి మూత్రం పడతారు. పిల్ల కదిలితే అంటు ఊడుతుంది, పక్కనుంచి కారిపోతుంది, విరేచనం కలిస్తే పనికిరాదు, మళ్ళీ మొదలు. అరటిపండు, చాక్లెట్ లాంటివి పెట్టొద్దని ల్యాబుల్లో చెబుతుంటారు, లెక్క తప్పొస్తుందని. నా కథలో ఆ పిల్ల తినేది అరటిపండు ఒక్కటే. తల్లి ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేత్తో అరటిపండు కొంగు కింద దాచి కూర్చుంటుంది. ఒక వారపత్రిక ఎడిటరు "ఫ్యామిలీ పత్రికలో ఉచ్చ ఏమిటండీ" అని ఆ సన్నివేశమంతా కోసేసి మూడు చుక్కలు పెట్టాడు. ఆఖర్న తల్లి ఏడ్చే చోట మాత్రం సగం పేజీ బొమ్మ వేయించాడు. ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గరుంది, తెరవబుద్ధి కాదు. ఇప్పుడు ఎడిటర్ల జాగాలో పోటీల జడ్జీలు వచ్చారు. వాళ్ళకు వెయ్యి పదాల్లో కథ కావాలి, జబ్బు అంటే సమాజానికి ప్రతీక కావాలి. రెండేళ్ళ పిల్ల పొట్టలో గడ్డ దేనికీ ప్రతీక కాదు. నువ్వు పదో పేజీలో "ఈ వ్యవస్థే ఒక కణితి" అన్నావు. దాన్ని కొట్టెయ్.

వరుస తెలుసుకో. ముందు అల్ట్రాసౌండ్, తర్వాత సీటీయో ఎంఆర్‌ఐయో. కిడ్నీలోనే పుట్టే విల్మ్స్ గడ్డ అని ఇంకొకటి ఉంది, అదీ ఈ వయసు పిల్లలకే వస్తుంది. ఆ పిల్లలు చాలావరకు హుషారుగా ఆడుకుంటూనే ఉంటారు. న్యూరోబ్లాస్టోమా పాకిన పిల్ల నీరసంగా, చిరాగ్గా, చూడగానే జబ్బు మనిషిలా ఉంటుంది. అనుభవమున్న పిల్లల డాక్టరు స్కాన్ చూడకముందే ఆ తేడా గమనిస్తాడు. తర్వాత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. తుంటి ఎముకలో రెండువైపులా గుచ్చి మూలుగ తీస్తారు, ఒకవైపు దొరకనిది రెండోవైపు దొరకొచ్చని. ఆ స్లైడు నేను చూశాను. బ్లడ్ క్యాన్సర్‌లో కణాలు విడివిడిగా పరుచుకుని ఉంటాయి. ఇందులో గుంపులు గుంపులుగా, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. మా పెథాలజిస్టు మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, నన్ను కూర్చోమని, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు.

ఎంఐబీజీ అని ఇంకో స్కాన్ ఉంది. రేడియో అయోడిన్ కలిపిన మందు సూదిలో ఇచ్చి, మర్నాడు ఒళ్ళంతా చూస్తారు. థైరాయిడ్ చెడిపోకుండా ముందే అయోడిన్ చుక్కలు తాగిస్తారు. ఆ స్కాన్ అన్ని ఊళ్ళలో దొరకదు. పార్వతీపురం పక్క ఊరి నుంచి బయల్దేరిన నీ తల్లీ పిల్లా ఏ బస్సెక్కారో, రాత్రి ఎక్కడ పడుకున్నారో నువ్వు రాయలేదు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. పిల్లల ఓపీ బయట ఒక పూట కూర్చుని రా. నోట్‌బుక్ తీయకు, ఎవర్నీ ఏమీ అడగకు.

"మూడు నెలలే" అనే మాట ఏ డాక్టరూ అలా అనడు. గడ్డలో ఎంవైసీఎన్ (MYCN) అనే జన్యువు ప్రతులు బాగా పెరిగాయా, పిల్ల వయసు ఏడాదిన్నర లోపా పైనా, ఎక్కడిదాకా పాకింది, ఇవన్నీ చూస్తే తప్ప నోరు విప్పరు. ఈ జబ్బు వింత ఏమిటంటే, ఏడాదిన్నర లోపు పసిపిల్లల్లో కాలేయానికీ చర్మానికీ పాకిన గడ్డ కూడా కొన్నిసార్లు తనంతట తనే కరిగిపోతుంది. తేలిక రకం అయితే నూటికి తొంభైమందికి పైగా బతుకుతారు. ముదురు రకంలో, మంచి వైద్యం అందే చోట కూడా, సుమారు సగంమందే. నీ చిన్ని ఎటు వెళ్తుందో నువ్వు నిర్ణయించుకో, కానీ రిపోర్టు చూసి నిర్ణయించు.

చివర్లో డాక్టరు చేత "ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేయించాలి" అని ఉపన్యాసం ఇప్పించావు. జపాన్‌లో అదే చేశారు. 1980ల్లో ఆరు నెలల పిల్లలందరి మూత్రం దేశమంతటా పరీక్షించడం మొదలుపెట్టారు. గడ్డలు చాలానే దొరికాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం పట్టించుకోకపోయినా ప్రాణం తీయనివి. ప్రాణం తీసే రకం ఆ వయసు దాటాక వచ్చింది, చావులు తగ్గాయనడానికి గట్టి రుజువు దొరకలేదు. 2000ల తొలినాళ్ళలో ఆ పరీక్ష ఆపేశారు. కాబట్టి ఉపన్యాసం తీసెయ్. ఒంట్లో బాగోని పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూసే డాక్టరు ఒక్కడు చాలు నీ కథకు.

అత్తగారు "మీ వైపు నుంచే వచ్చింది" అనే మాట ఉంచు. ఇది వంశంలో వచ్చేది నూటికి ఒకరిద్దరికే. ఆ సంగతి ఎవరో ఒకరు, కనీసం ఒక నర్సు, ఆ తల్లికి చెప్పే చోటు వెతుకు. గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నానో అని ఆమె లెక్కలు వేసుకుంటూ ఉంటుంది.

కలంపేరు గురించీ, పుస్తకం వేయడం గురించీ అడిగావు. ముందు నాలుగో పేజీ నుంచి మళ్ళీ రాయి. మూడో పేజీ ముట్టుకోకు. రాశాక ఫోన్‌లో పంపొద్దు, నా కళ్ళు ఆ అక్షరాలు చదవలేవు. ప్రింటు తీసి, పక్కన మార్జిను బాగా వదిలి, పోస్టులో పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య