రీసెర్చ్ పేపర్‌ని నాటకం చెయ్యొచ్చా?

ప్రశ్న: మేం ఆరుగురం కలిసి చిన్న నాటక బృందం నడుపుతున్నామండీ. ఈసారి వాతావరణ మార్పు మీద ఏదైనా ప్రయోగం చేద్దామని నెల రోజులుగా రీసెర్చ్ పేపర్లు ముందేసుకుని కూర్చున్నాం, అంకెలూ గ్రాఫులూ బోలెడు పోగయ్యాయి, కానీ రిహార్సల్‌లో చూస్తే అచ్చం క్లాసు పాఠంలా ఉంది. వదిలేయమంటారా?

జవాబు: నాటకాన్ని వదలకండి, అంకెల్ని వదిలేయండి. ఒక్కటి ఉంచుకోండి చాలు, అది ఎవరి ఒంటి మీద పడుతుందో వెతకండి. డంకన్ మాక్‌మిలన్ రాసిన లంగ్స్ అనే నాటకంలో ఒక జంట పిల్లల్ని కందామా వద్దా అని వాదించుకుంటూ ఉంటారు, ఒక బిడ్డ అంటే 10,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఈఫిల్ టవర్ బరువంత, అంటే నేను ఈఫిల్ టవర్‌ని కనాలన్నమాట అని ఆ అమ్మాయి లెక్కేస్తుంది. ఆ లెక్క కరెక్టా కాదా అని తర్వాత కొట్టుకుందాం, గాల్లో ఎక్కడో ఉన్న టన్నులు కాస్తా వచ్చి ఆమె కడుపులో కూర్చున్నాయి కదా, అదీ సంగతి. 2013లో కేటీ మిచెల్ అనే డైరెక్టర్ దీన్ని బెర్లిన్‌లోని షౌబ్యూనె థియేటర్లో చేయించినప్పుడైతే నటుల్ని స్టేజి మీదే సైకిళ్ళు ఎక్కించేసింది, వాళ్ళు తొక్కితేనే కరెంటు. ఇక ఆయాసం నటించాల్సిన పనేముంది చెప్పండి!

మీ పేపర్లలో వెట్ బల్బ్ అనే మాట తగిలే ఉంటుంది, థర్మామీటర్‌కి తడిగుడ్డ చుట్టి కొలిచే వేడి, గాల్లో తేమ ఎక్కువైతే ఆ గుడ్డలాగే మన చెమటా ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అది 35 డిగ్రీలు దాటితే ఎంత ఆరోగ్యంగా ఉన్న మనిషైనా నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకి మించి తట్టుకోలేడని 2010లో లెక్కగట్టారు. తర్వాత అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వయసులో ఉన్న ఆరోగ్యవంతుల్నే వేడి గదిలో పెట్టి చూస్తే, గాల్లో తేమ బాగా ఉన్నప్పుడు 31 దగ్గరే ఒళ్ళు చేతులెత్తేస్తోందని 2022లో తేలింది, ఇక ముసలివాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి. ఇదంతా డైలాగుల్లో పెడితే మళ్ళీ పాఠమే. నేనైతే స్టేజికి అడ్డంగా ఒక దండెం కడతా, పనికి పోవాల్సిన మనిషి వచ్చి తడిచొక్కా ఆరేస్తాడు, మాట్లాడుతూ మధ్యమధ్యలో వచ్చి తడిమి చూసుకుంటాడు, అది ఆరదు, చివరికి ఆ తడిదే తొడుక్కుని వెళ్ళిపోతాడు. చెమట ఆరకపోతే మనిషి గతేంటో ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. (ఈ ఐడియా కావాలంటే వాడేసుకోండి, పేరు కూడా వెయ్యక్కర్లేదు.)

ప్రశ్న: సైంటిస్టే స్టేజెక్కి మాట్లాడితే దాన్ని నాటకం అంటారా?

జవాబు: లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ అంది, ఒకసారి కాదు రెండుసార్లు, రెండిటికీ డైరెక్టర్ మళ్ళీ కేటీ మిచెలే. 2012లో టెన్ బిలియన్ అనే నాటకం, అందులో స్టీఫెన్ ఎమ్మట్ అనే సైంటిస్టు తన ఆఫీసు గదిలాంటి సెట్లో నిలబడి జనాభా పెరుగుదల గురించి చెప్పుకుపోతాడు, మనం మునిగిపోయినట్టే అని తేల్చేస్తాడు. 2014లో చేసినదాని పేరు 2071, ఇందులో క్రిస్ రాప్లీ అనే వాతావరణ శాస్త్రవేత్త మాట్లాడతాడు. అప్పటికి తనకున్న వయసు తన పెద్ద మనవరాలికి వచ్చే సంవత్సరం అది, పేరు అందుకే పెట్టారు. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది, భయపెట్టే సైంటిస్టులు చాలామందే దొరుకుతారు గానీ తాతగా మాట్లాడేవాళ్ళు తక్కువ. నాటకమా కాదా అంటే మాత్రం, రోజూ అంకెల వెనకాల ఉండే మనిషి తన సొంత ఒంటితో, సొంత వయసుతో మన ముందు నిలబడ్డాడంటే నా దృష్టిలో నాటకమే.

ప్రశ్న: చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళి ఏసీ వేసుకుంటారు. ఏం లాభం?

జవాబు: నేనూ వేసుకుంటానండీ, ఆ మాటకొస్తే. కానీ ప్రేక్షకుణ్ణి ఊరికే కూర్చోబెట్టి ఏడిపించాలని రూలేం లేదుగా. రిమినీ ప్రోటోకోల్ అనే జర్మన్ బృందం 2014లో హాంబర్గ్‌లో ప్రపంచ వాతావరణ సదస్సునే నాటకంగా పెట్టింది, టికెట్ కొని వచ్చినవాళ్ళే ఒక్కో దేశం ప్రతినిధులు, మా దేశం ఇంత తగ్గిస్తుందని వాళ్ళే తేల్చుకోవాలి. పైన ఆరుగురమే అని రాసిన మిత్రులు కూడా ఇది గమనించండి, మిగతా దేశాలకి కావాల్సిన మనుషులు ఎదురుగా కుర్చీల్లోనే ఉన్నారు.