చింతపల్లి రాళ్ళ దగ్గర దిగే ముందు

చిరంజీవి అమ్మాయికి,

సముద్రంలో కొన్ని రాళ్ళ దగ్గర వల వేయకూడదని మీ ఊరి మత్స్యకారులే కట్టుబాటు చేసుకున్నారని, అక్కడ నీళ్ళ కింద చేపల లెక్క తీసే పని నీకు అప్పగించారని విని చాలా సంతోషించాను.

నీళ్ళలో దిగేందుకు గాలి సిలిండర్ కట్టుకునే ముందు వారం రోజులు ఒడ్డున కూర్చో. ఓడలు తగలకుండా పూర్వం లైట్‌హౌసు కట్టించిన రాళ్ళవి. పెద్దవాళ్ళు వాటిని ఒడ్డు గురుతులతోనే పట్టేస్తారు. ఫలానా కొండా ఫలానా తాటిచెట్టూ ఒక వరుసలోకి వస్తే కింద రాయి ఉన్నట్టే. వాళ్ళతో పడవలో వెళ్ళి ఆ చోట్లను జీపీఎస్‌లో ఎక్కించుకో. చేపల పేర్లూ వాళ్ళు పిలిచేవే రాసుకో.

దిగాక 50 మీటర్ల టేపు పరిచి, ఇరువైపులా రెండున్నర మీటర్ల లోపు చేపలనే లెక్కపెట్టు. పరిచిన వెంటనే మొదలుపెట్టకు, బెదిరిన చేపలు తిరిగి రావాలి. నీళ్ళలో చేప సుమారు మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. అందుకే చెక్కతో చేపలు చేసి, వాటి మీద ముందు కన్నును అలవాటు చేసుకో. ఏమీ కనిపించకపోతే సున్నా రాయి. గడి ఖాళీగా వదిలితే చేపలు లేవో, నువ్వు చూడలేదో తరువాతి వాళ్ళకు తెలియదు. వల వేసే చోట కూడా అలాంటి రాళ్ళ మీదే అన్నే టేపులు పరుచు. అది లేకుండా, పెరుగుదల కట్టుబాటు వల్లే వచ్చిందని చెప్పలేవు.

చంపావతి నది వరద సముద్రంలో కలిసిన రోజుల్లో నీళ్ళు మసక. అప్పుడు దిగకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి పడవలు ఖాళీగా దొరుకుతాయి. కానీ ఒక ఏడు అప్పుడూ, మరో ఏడు జనవరిలోనూ లెక్క తీసి పోల్చకు. వంజరం, చందువ రాళ్ళను అంటిపెట్టుకుని ఉండేవి కావు. వాటి సంగతి ఒడ్డుకు చేరిన వేటను తూచి రాసుకుంటేనే తెలుస్తుంది.

నా తొలి రోజుల్లో మా బృందం ఒక ఊళ్ళో లెక్క తీసి, కాగితాలు పట్టుకుని వెళ్ళిపోయింది. ఊరికి ఒక్క ముక్క చెప్పలేదు. మరుసటి ఏడు మాకు ఎవరూ పడవ ఇవ్వలేదు. వాళ్ళది తప్పని ఈనాటికీ అనలేను. అందుకే పైకి వచ్చిన సాయంత్రమే అంకెలు ఊళ్ళో చదివి వినిపించు. చేపలమ్మే ఆడవాళ్ళు ఉన్న వేళ చూసుకో. ఏ చేప చిన్నబడుతోందో ముందుగా పసిగట్టేది వాళ్ళే. చేపలు పెరగలేదని తేలినా ఉన్నది ఉన్నట్టే చదువు. అసలు కాగితం ఊళ్ళో ఉంచి, నకలు నువ్వు తెచ్చుకో.

ఒంటరిగా మాత్రం ఎన్నడూ దిగకు. సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్లకు తగ్గకముందే పడవ పక్కన తేలాలి, లెక్క సగంలో ఉన్నా సరే.

మామయ్య