మీసేవ వచ్చిన కొత్తలో మా తహసీల్దార్ ఆఫీసులో ఏం జరిగిందంటే

ప్రభుత్వ ఆఫీసులో డిజిటల్ పద్ధతి నిలబడాలంటే పై అధికారి ముందుగా ఏం చేయాలని కొందరు నన్ను అడిగారు. లాగిన్ తానే తెరవాలి, పాత రిజిస్టరు మూయాలి. నేను చూసింది చెబుతాను.

2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలైంది. మా మండలానికి వచ్చేసరికి నేను రెవెన్యూలో జూనియర్ అసిస్టెంట్‌ని. అప్పటి తహసీల్దార్ గారు డిజిటల్ సంతకం డాంగిల్ (కంప్యూటర్‌కి పెట్టి సంతకం చేసే చిన్న పరికరం), పాస్‌వర్డ్ రెండూ కంప్యూటర్ ఆపరేటర్‌కి ఇచ్చేశారు. మేము ఎప్పటిలాగే కాగితం ఫైలు నడిపి, విఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) రిపోర్టు, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సంతకం అన్నీ అయ్యాక కంప్యూటర్లో ఎక్కించేవాళ్లం. పని రెట్టింపయింది. కుల ధ్రువీకరణకు మీసేవలో డబ్బు కట్టినవాళ్లు మళ్లీ మా గుమ్మం ముందే నిలబడేవారు.

తర్వాత బదిలీ మీద వచ్చిన మేడం మొదటిరోజే డాంగిల్ తీసుకున్నారు. రోజూ 10:30కి తానే లాగిన్ అయి, గడువు దాటిన దరఖాస్తులు (మేము బియాండ్ ఎస్ఎల్ఏ అంటాం) ఒక్కొక్కటీ చూసి, సంబంధిత విఆర్వోకి ఫోన్ చేసేవారు. అలా అడిగితేనే తెలిసింది, రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఒక విఆర్వో గారికి స్కాన్ కాపీ తెరవడమే రాదని. ఆయన ఆ టెన్షన్ నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. మేడం కేకలేయలేదు. వారం పాటు సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించారు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ఆ తర్వాతే ఒక తేదీ పెట్టి, ఇక చేత్తో రాసిన సర్టిఫికెట్‌పై సంతకం చేయనని చెప్పారు. గట్టిగా ఒత్తిడి వచ్చింది. నాయకుల మనుషులొస్తే స్క్రీన్ తిప్పి, దరఖాస్తు ఎవరి దగ్గర ఆగిందో చూపించేవారు. అసలు చిక్కు బయట ఎదురైంది. గ్రీన్ ఇంకు సంతకం, రౌండ్ సీలు లేవని ఒక కాలేజీ పిల్లల సర్టిఫికెట్లు తిప్పి పంపింది. పిల్లల్ని మళ్లీ తిప్పకుండా మేడమే ప్రిన్సిపాల్‌కి లెటర్ రాసి, దరఖాస్తు నంబరుతో వెబ్‌సైట్లో ఎలా సరిచూసుకోవాలో ఫోన్లో చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ఈ పని చేయలేరు, ఆపరేటర్ చేస్తే కాలేజీ వినదు.

రెండేళ్లు నిండకుండానే ఆమెకు బదిలీ అయింది. తర్వాత వచ్చిన సారు డాంగిల్ మళ్లీ ఆపరేటర్‌కే ఇచ్చేశారు, గడువులు మళ్లీ దాటాయి. కానీ పాత రిజిస్టరు అప్పటికే రికార్డు రూముకు వెళ్లిపోయింది. దాన్ని బయటికి తీయమని మాలో ఎవరూ అడగలేదు.