నలభై దాటాక కొత్త పని పట్టుబడుతుందా?

ప్రశ్న: నా వయసు 44 సంవత్సరాలు. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఇటీవల మా పనంతా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. నా తర్వాత చేరినవారు దాన్ని ఇట్టే పట్టేస్తుంటే, నేను మాత్రం చేసిన తప్పే మళ్లీ చేస్తున్నాను. శిక్షణ ఇవ్వడానికి వచ్చినవారు ‘గ్రోత్ మైండ్‌సెట్’ (సాధనతో సామర్థ్యాన్ని పెంచుకోవచ్చునన్న నమ్మకం) అలవరచుకోమన్నారు. నమ్మకం ఉంటే సామర్థ్యం పెరుగుతుందా, లేక అది మాటవరసకు చెప్పే ధైర్యమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: నమ్మకం ఒక్కటే సామర్థ్యాన్ని పెంచదు. అయితే తప్పు జరిగాక మనం ఏం చేస్తామన్నది చాలావరకు ఆ నమ్మకాన్ని బట్టే ఉంటుంది కాబట్టి, దాని అసలు విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం.

తెలివితేటలు పుట్టుకతో వచ్చినంతే అనుకునేవారికి ప్రతి తప్పూ తమపై వెలువడిన తీర్పులా కనిపిస్తుంది. అందుకే దాన్ని ఎవరి కంటా పడకుండా చక్కబెట్టేసి ముందుకు సాగిపోవాలని చూస్తారు. సామర్థ్యాన్ని పెంచుకోవచ్చునని నమ్మేవారు మాత్రం ఆ తప్పు దగ్గర కాసేపు ఆగగలుగుతారు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా నమ్మేవారి మెదడులో పొరపాటు జరిగిన వెంటనే దానిపై ధ్యాసను సూచించే విద్యుత్ సంకేతం బలంగా కనిపించింది. ఆ తర్వాతి జవాబుల్లో వారి కచ్చితత్వం కూడా మెరుగ్గా ఉంది. అందులో పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, మీరు అడిగిన విషయానికి ఇది చాలా దగ్గరగా ఉంది.

ఇక వయసు సంగతి. లండన్ టాక్సీ లైసెన్సు కోసం నగరంలోని దాదాపు 25,000 వీధులను కంఠతా పట్టాలి. అలా చదువుతున్న వయోజనులను కొన్నేళ్లపాటు పరిశీలించగా, పరీక్షలో నెగ్గినవారి మెదడులో దారుల జ్ఞాపకానికి తోడ్పడే హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెరిగిందని 2011లో వెల్లడైంది. కాబట్టి నేర్చుకునే వయసు దాటిపోయిందన్న దిగులు వదిలేయండి.

అలాగని ఈ భావనకు లేని మహిమను అంటగట్టనూ కూడదు. అమెరికాలో సుమారు 12,000 మంది తొమ్మిదో తరగతి విద్యార్థులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ నమ్మకాన్ని పరిచయం చేస్తూ గంటలోపు ముగిసే పాఠంతో చదువులో వెనుకబడినవారి సగటు గ్రేడు సుమారు 4 పాయింట్ల కొలమానంపై 0.1 మేరకే పెరిగింది. అంత తక్కువ సమయంలో అది మంచి ఫలితమే, కానీ సాధన చేయవలసిన అవసరం దానితో తీరిపోదు.

మీరు చేసిన తప్పే మళ్లీ చేస్తున్నారంటే, మార్చవలసింది నేర్చుకునే పద్ధతిని. బిల్లు నమోదు చేశాక మొత్తంలో తేడా వచ్చిందనుకోండి; పక్కవారిని పిలిచి సరిచేయించుకుంటే ఆ పూటకు గండం గడుస్తుంది గానీ మీకు పని రాదు. పన్ను ఏ గడిలో పడింది, అంతకుముందు ఏ తేదీ ఎంచుకున్నారు అని వెనక్కి వెళ్లి చూసుకొని, పక్కవారు నోటితో చెబుతుండగా మౌస్ మీ చేతిలోనే ఉంచుకొని మీరే సరిచేయండి. చేసిన వరుసను ఒక చీటీపై రాసుకోండి; మర్నాడు ఆ చీటీ చూడకుండా అదే పనిని మరోసారి చేసి చూడండి.

ఒక్క మాట మీ పైఅధికారులకు కూడా వర్తిస్తుంది. సాధనకు సమయం ఇవ్వకుండా, పొరపాటు జరిగితే అందరి ముందూ నిలదీస్తూ, ఉద్యోగులను మాత్రం మనస్తత్వం మార్చుకోమనడం న్యాయం కాదు. నెలాఖరు పని ఒత్తిడి మొదలవకముందే, అసలు లెక్కలకు ఇబ్బంది కలగని నమూనా ఖాతాలో సాధన చేసుకునే వీలు కల్పించమని అడగండి. అలా అడగడం మీ అసమర్థతకు గుర్తేమీ కాదు.