ఆర్కిమెడిస్ ఊరు ఇటలీలో ఉంటే ఆయన్ని గ్రీకువాడు అని ఎందుకంటారు?

ఎందుకంటే సిసిలీ ద్వీపంలోని ఆయన ఊరు సిరక్యూస్ ఈరోజు ఇటలీలో ఉన్నా, అప్పట్లో అది గ్రీకులు కట్టుకుని, గ్రీకే మాట్లాడుకుంటూ బతికిన నగరం.

గ్రీసులో కొండలెక్కువ, సాగుకి పనికొచ్చే నేల తక్కువ. సిసిలీలోనేమో గోధుమ బాగా పండే భూములు, ఓడలు ఆగడానికి చక్కటి రేవులు. దాంతో క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఒక్కో గ్రీకు నగరం నుంచి జనం ఓడలెక్కి వచ్చి ముందు తూర్పు తీరంలో దిగారు, వాళ్ళలో కొరింథ్ నుంచి వచ్చినవాళ్ళు క్రీ.పూ. 733 ప్రాంతంలో సిరక్యూస్ కట్టారు. అదేమీ ఖాళీ దీవి కాదు, సికెల్ లాంటి స్థానిక జాతులు అప్పటికే ఉన్నాయి, పడమటి వైపు ఫినీషియన్లు అనే సముద్ర వ్యాపారులు స్థిరపడ్డారు.

అది గ్రీకు నగరమనడానికి కళ్ళకి కనిపించే ఉదాహరణ సిరక్యూస్‌లోని పెద్ద చర్చి. దాని గోడల మధ్యలోంచి నిలువు గాడులున్న లావుపాటి రాతి స్తంభాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు దేవత ఎథీనా గుడివి, ఆ స్తంభాల మధ్య ఖాళీల్ని పూడ్చేసి దాన్నే చర్చి చేశారు.

చాలామంది పొరపాటు పడేదెక్కడంటే, గ్రీసు అనే ఒకే దేశం సిసిలీని ఏలిందనుకుంటారు. అసలు అప్పుడు అలాంటి దేశమే లేదు. వలస వెళ్ళినవాళ్ళు కట్టుకున్నవి సొంత పాలన ఉన్న నగరాలు, బ్రిటిష్ వాళ్ళ వలసపాలనతో పోల్చకూడదు. క్రీ.పూ. 415లో మరో గ్రీకు నగరం ఏథెన్స్ సిరక్యూస్ మీదకి పెద్ద నౌకాదళంతో దండెత్తింది కూడా, రెండేళ్ళకి ఘోరంగా ఓడిపోయింది, పట్టుబడిన దాని సైనికులు అక్కడి రాతి క్వారీల్లో బందీలయ్యారు.