అమృతాంజనం వాసన వస్తే బండి ఆపు

మాధవరం

చి.ల.సౌ. బుజ్జికి పెదనాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాట్లు అయిపోయాయి. కాలువలో నీళ్లు బాగానే వస్తున్నాయి.

నిన్న రాత్రి మీ నాన్న నీ లడఖ్ ప్లాన్ నా ఫోన్‌కి పంపాడు. ఢిల్లీ నుంచి మీ సొంత కారులో, పిల్లలతో, మీ అత్తగారితో, అదీ స్టీరింగ్ సగం దూరం నీ చేతిలోనే అని చదివి, నిద్రపోతున్న మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. మన ఊళ్లో ఇంటికొకరు పట్టాలం వెళ్లినవాళ్లే. కానీ మన ఇంటి ఆడపిల్ల జోజిలా కనుమ ఎక్కి ఫోటులా కనుమ దాటి బండి నడుపుతుందని నేను అనుకోలేదమ్మా. ఆరేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని ట్రాక్టర్ స్టీరింగ్ వదలనని ఏడ్చావు. రాత్రి అదే గుర్తొచ్చింది.

సంతోషం తీరాక ప్లాన్ మళ్లీ చదివాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. మనాలీ దాటిన తర్వాతి రాత్రే సర్చులో పడుకుంటామని రాశావు. సర్చు ఎత్తు 4,290 మీటర్లు. మనాలీ 2,050. రెండిట్లో ఒక రోజు తేడాతో పడుకోవడానికి అదేమన్నా భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లి రావడమా? ఎవరు చెప్పారు నీకు ఈ దారి?

ప్లాన్ మొత్తం తిరగెయ్యి. వెళ్లేటప్పుడు శ్రీనగర్ మీదుగా వెళ్లండి, మనాలీ మీదుగా దిగండి. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే ఉంటుంది. జోజిలా 3,500 దాటుతుంది కానీ అక్కడ ఆగరు, దాటేసి ద్రాస్ మీదుగా కార్గిల్ దిగిపోతారు. కార్గిల్ 2,700 లోపే. అక్కడ రెండు రాత్రులు పడుకోండి. పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది ఒక లెక్క, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నది ఇంకో లెక్క. ఒంటికి తేడా తెలిసేది రెండోదాంతోనే. లేహ్ చేరేసరికి ఒళ్లు సగం అలవాటు పడి ఉంటుంది. లేహ్‌లో రెండు రోజులు కొండల జోలికి వెళ్లకుండా ఊళ్లోనే మెల్లగా తిరగండి. ఖర్దుంగ్‌లా కొట్టెయ్యి. 1987లో సైన్యంలో ఉండగా శక్తిమాన్ ట్రక్కులో సరుకు వేసుకుని నుబ్రా లోయలోని పర్తాపూర్‌కి ఆ కనుమ ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. అక్కడ బోర్డు పక్కన ఫొటో తప్ప పిల్లలకు దక్కేదేమీ లేదు.

నీ 11 రోజులు చాలవు. కనీసం 14 చెయ్యి. సెలవు దొరకదంటే పాంగాంగ్ సరస్సు అయినా మానెయ్యి, గ్లేసియర్ అయినా మానెయ్యి. రెండూ కావాలని రోజులు మాత్రం తగ్గించకు.

డ్రైవింగ్ గురించి నీకు ఎక్కువ చెప్పను. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మీద పాదం పెట్టి ఉంచకు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. కార్గిల్‌లో, లేహ్‌లో ట్యాంకు నిండా పోయించు. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచెయ్యవు, ఇద్దరూ పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. రాంబన్ దగ్గర వాన పడుతోందంటే జమ్మూలోనే ఆగిపోండి. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు చెప్పేది మాత్రం అల్లుడుగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

2009 జూలైలో మీ పెద్దమ్మను లేహ్ తీసుకెళ్లిన సంగతి నీకు తెలుసు. అప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. పాంగాంగ్ ముందు ఎర్ర శాలువా కప్పుకుని మీ పెద్దమ్మ దిగిన ఫొటో మా హాల్లో ఉంది కదా. ఆ ఫొటో తీసిన రాత్రి ఏం జరిగిందో మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

సైన్యంలో ఎత్తుకు అలవాటు పడడానికి ఒక పద్ధతి ఉంది. 9,000 అడుగులు దాటితే మొదట ఆరు రోజులు. 12,000 దాటితే ఇంకో నాలుగు. 15,000 దాటితే మరో నాలుగు. నిన్న మొన్న చేరిన కుర్రాడికైనా, కల్నల్‌కైనా ఇదే లెక్క. ఈ లెక్క తప్పిన జవాన్లను నేనే తిట్టి వెనక్కి పంపేవాణ్ణి. అలాంటివాణ్ణి, మీ పెద్దమ్మను విమానంలో నేరుగా లేహ్‌లో దింపి, ఒక్క రోజు పడుకోబెట్టి, రెండో రోజు ఖర్దుంగ్‌లా చూపించి, మూడో రోజు పాంగాంగ్ బయలుదేరదీశాను. తిరుగు టికెట్లు ఉన్నాయి, ఉన్న నాలుగు రోజుల్లో నేను తిరిగిన చోట్లన్నీ చూపించాలని నా తాపత్రయం. పరాయి పిల్లలకు ఆరు రోజులు లెక్కపెట్టినవాణ్ణి, నా భార్యకు ఆరు రోజులు ఇవ్వలేకపోయాను.

పొద్దున్నే వెళ్లాల్సింది. దారిలో పాత స్నేహితుడు కనిపిస్తే టీ తాగుతూ రెండు గంటలు కూర్చున్నాను. చాంగ్‌లా ఎక్కుతుంటే కారులో అమృతాంజనం వాసన వచ్చింది. అది 5,300 మీటర్లు దాటిన ఎత్తు, ఊపిరికి మన ఊళ్లో అందే ఆక్సిజన్‌లో సగమే అందుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మీ పెద్దమ్మ కొంగు తలకు బిగించి కట్టుకుని కిటికీకి ఆనుకుని ఉంది. "ఏమైంది?" అన్నాను. "ఏం లేదండీ, ఎండ" అంది. నేను మళ్లీ అడగలేదు. కనుమ మీద బయట మంచు పడి ఉంది బుజ్జీ, ఎండ ఎక్కడిది?

టాంగ్‌త్సే అనే ఊరు దాటాక, సరస్సు ఇంకాసేపట్లో వస్తుందనగా, పాగల్ నాలా అని ఒక వాగు అడ్డం వస్తుంది. పొద్దున చూస్తే చీలమండ మునగదు. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే దానికి పిచ్చి వాగని పేరు. మేం వెళ్లేసరికి నాలుగున్నర. మా డ్రైవర్ లడఖీ కుర్రాడు, పాతికేళ్లుంటాయి. బండి దిగి నీళ్లు చూసి, "సాబ్, టాంగ్‌త్సే వెనక్కి పోదాం, రాత్రి అక్కడ పడుకుని పొద్దున దాటదాం" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "నువ్వు పుట్టకముందే ఈ కొండల్లో బండి నడిపినవాణ్ణి, పోనీ" అన్నాను. పోనిచ్చాడు. నీళ్లు బంపర్ మీదికి వచ్చాయి. దాటేశాం. నాకు గొప్పగా అనిపించింది. ఆ గొప్పలోనే ఆ ఫొటో తీశాను. ఫొటోలో మీ పెద్దమ్మ నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. దగ్గరగా చూడు, పెదవులు నల్లగా ఉంటాయి.

రాత్రి తొమ్మిదికి దగ్గు మొదలైంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు, లేచి కూర్చుంటే కాస్త నయం. నారింజ వలిచి ఇమ్మంటే పండు చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. తొక్క ఎక్కణ్ణుంచి తీయాలో తెలియలేదు. అప్పుడు నా కాళ్లు వణికాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతోందని జవాన్లను చూసిన నాకు తెలియదా? దానికి అసలు మందు కిందికి దింపడమే. కానీ పాంగాంగ్ గోతిలో ఉన్నట్టుంటుంది. లేహ్ దిగాలంటే ముందు చాంగ్‌లా ఎక్కాలి. దింపడానికి దగ్గర్లో ఉన్న చోటు టాంగ్‌త్సే ఒక్కటే, అది సరస్సు కంటే మూడొందల మీటర్లు దిగువ. మధ్యలో ఆ వాగు.

వాగు దగ్గరికి వచ్చేసరికి హోరు చెవులు పగిలేలా ఉంది. ఆ కుర్రాడు ఒక తెల్లరాయి తెచ్చి సరిగ్గా నీటి అంచున పెట్టాడు. హెడ్‌లైట్ దాని మీద పడేట్టు బండి తిప్పి ఆపాడు. "రాయి చుట్టూ ఆరితే పోదాం" అన్నాడు. నేను వెనక సీట్లో మీ పెద్దమ్మను నా భుజానికి ఆనించుకుని కూర్చుని, ఆమె ఊపిరి లెక్కపెడుతూ ఆ రాయిని చూస్తున్నాను. ఒక్కోసారి అల వచ్చి దాన్ని తడిపిపోయేది. అరగంటకోసారి వాడు దిగి వెళ్లి చూసేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. చలి పెరిగేకొద్దీ పైన కరగడం ఆగుతుందని తెలుసు. తెలిసినా ఏం లాభం, ఆ మూడున్నర గంటలు నాకు మూడున్నర గంటల్లా గడవలేదు. ఒంటిగంటకు రాయికీ నీళ్లకూ మధ్య జానెడు పొడి నేల కనిపించింది. ఫస్ట్ గేర్‌లో, ఎక్కడా ఆపకుండా దాటించాడు.

టాంగ్‌త్సేలో డాక్టరు నిద్ర లేచి వచ్చి ఆక్సిజన్ పెట్టాడు. "ఇంకా రెండు గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు. మర్నాడు సిలిండర్‌తోనే లేహ్ తీసుకొచ్చాం, మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగో రోజు కాఫీ తాగుతూ మీ పెద్దమ్మ నాతో అన్న మొదటి మాట, "లేహ్‌లో దిగిన రాత్రి నుంచే తలనొప్పండీ. మీరు అంత సంబరంగా చూపిస్తుంటే ఎందుకు చెప్పడం అని..."

అందుకే బుజ్జీ, మీ అత్తగారి గురించి నాకు భయం. ఆవిడ నోరు విప్పి చెప్పదు. నా వల్ల పిల్లల సరదా పాడవుతుందని, కొడుకు సెలవు వృథా అవుతుందని దాచుకుంటుంది. నువ్వూ అంతే, మీ అమ్మ పెంపకమే కదా. "బాగున్నారా అత్తయ్యా" అని అడిగితే "బాగున్నానమ్మా" అనే అంటుంది. అలా అడగకు. రాత్రి నిద్ర పట్టిందా, టిఫిన్ ఎంత తిన్నారు, తల ఎటువైపు నొప్పి అని అడుగు. నొప్పి ఉందా అని కాదు, ఎటువైపు అని. రోజూ పొద్దున అందరి చేతా నేల మీద గీత గీసి, మడమకు వేలు తగిలేలా పది అడుగులు నడిపించు. తూలితే ఆ రోజు ప్రయాణం లేదు, కిందికే. కూర్చున్నా ఆయాసం వస్తోందన్నా, దగ్గుతో నురగ వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆక్సిమీటర్ కొనుక్కో, మంచిదే, కానీ అంకె బాగుందని మనిషిని చూడడం మానకు. చిన్నదానికి చెప్పడం రాదు. ఊరికే పేచీ పెట్టి, ఆటలాడక, అన్నం వద్దంటే దాన్ని అల్లరి అనుకోవద్దు. ఎత్తు పడకపోవడానికి వేసుకునే డైమాక్స్ మాత్రల సంగతి బయలుదేరే ముందే మీ డాక్టర్ని అడుగు, సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటే అది కూడా చెప్పు.

పాంగాంగ్ ఒడ్డున రాత్రి ఉండొద్దు. టాంగ్‌త్సేలో పడుకుని, తెల్లవారుజామున బయలుదేరి, సరస్సు చూసి, పన్నెండు లోపు వాగు ఇవతలికి వచ్చెయ్యండి. పొద్దునపూట ఆ నీళ్ల రంగు నిమిషానికోలా మారుతుంది, పిల్లలు అదే చూస్తారు. మొత్తం 134 కిలోమీటర్ల సరస్సు, మన వైపున్నది మూడో వంతే. నీళ్లు ఉప్పన, పెద్దవాణ్ణి వేలు ముంచి రుచి చూడమను. దారిలో మార్మట్‌లని పెద్ద ఉడుతల్లాంటి జంతువులు కనిపిస్తాయి, బిస్కెట్లు పెట్టొద్దని చెప్పు. దిగేటప్పుడు మనాలీ దారిలో కూడా విస్కీ నాలా, బ్రాండీ నాలా అని వాగులున్నాయి. వాటికీ ఇదే లెక్క, పొద్దున్నే దాటాలి. లేహ్‌లో నాలుగింటికే బయలుదేరు.

గ్లేసియర్ కోసం కార్గిల్ నుంచి సురు లోయలోకి వెళ్తామన్నావు. పానిఖర్‌లో ఒక రాత్రి ఉండు. అక్కణ్ణుంచి పెన్సిలా కనుమ ఎక్కితే ద్రాంగ్ ద్రుంగ్ గ్లేసియర్ మొత్తం కింద పరుచుకుని కనిపిస్తుంది. దగ్గర దగ్గర 23 కిలోమీటర్ల మంచు. చూడడం రోడ్డు మీంచే. దిగి మంచు మీద నడుద్దామని అల్లుడుగారు సరదా పడితే నా పేరు చెప్పి ఆపు. మంచు కింద పగుళ్లుంటాయి, పైన పలుచగా కప్పేసి ఉంటుంది, కాలు పెట్టేదాకా తెలియదు. అన్నేళ్లు ఆ వైపే తిరిగినా నాకు ద్రాంగ్ ద్రుంగ్ చూడడం కుదరలేదు. మా బళ్లు ఎప్పుడూ నుబ్రా వైపే వెళ్లేవి. నువ్వు చూసినప్పుడు వీడియో కాల్ కలవకపోయినా పర్లేదు, ఫోన్‌లో తీసి తీసుకురా, పెద్ద తెర మీద చూపిద్దువు.

చిన్న కుక్కర్ ఒకటి తప్పకుండా పెట్టుకో. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో వండితే అన్నం పలుకు పోదు, పప్పు ఉడకదు. ఊరగాయ గాజు సీసాలో పెట్టుకో, ప్యాకెట్లయితే పైకి వెళ్లేకొద్దీ బెలూన్‌లా ఉబ్బి కారులో పగులుతాయి.

ఈ ఉత్తరం రాస్తుంటే మీ పెద్దమ్మ వచ్చి చదివింది. నాలుగో రోజు కాఫీ తాగలేదట, టీ అట. ఆ డ్రైవర్ కుర్రాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, వాళ్ల కొత్త సంవత్సరం లోసర్ పండక్కి ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. నంబర్ మీ నాన్నకి పంపాను. లేహ్ చేరాక కలువు, పాంగాంగ్ రోజు ఆయన ముందు బండిలో నడిస్తే మీరు వెనక నడపండి. ఆయన వెనక్కి పోదాం అంటే ఒక్క మాట అడగకుండా వెనక్కి తిరుగు. మీ పెద్దమ్మ ఆయన పిల్లలకు కందిపొడి, జంతికలు కట్టి ఉంచింది, మీ నాన్న ఢిల్లీ వచ్చేటప్పుడు పంపుతాను. మర్చిపోకుండా అందించు.

కార్గిల్ చేరిన రోజు రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న