రాబ్ పెళ్లి ఎందుకు మారింది?

(ఇరవై ఆరేళ్లుగా టీవీ సీరియళ్లకు కథ, స్క్రీన్‌ప్లే రాస్తున్న రచయిత్రి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన ఇంగ్లిషు మాస్టారిని. మా మనవడు తెచ్చిచ్చిన జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ పుస్తకాలు అయిదూ ఏడాది పట్టి చదివాను. తర్వాత వాటి మీద తీసిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూశాను. పుస్తకంలో ఉత్తరాది కుర్ర రాజు రాబ్ స్టార్క్ చేసుకున్న పిల్ల వేరు, తెర మీద పిల్ల వేరు. అంత చక్కగా రాసిపెట్టి ఉన్నదాన్ని మార్చడం దేనికి? డబ్బు మిగులుతుందనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, డబ్బు కోసం మార్చిన చోట్లు ఆ సిరీస్‌లో ఉన్నాయి. ఇది మాత్రం అలాంటిది కాదు. అసలు ముడి ఎక్కడుందో అక్కడే పట్టుకున్నారు మీరు. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

పుస్తకంలో అధ్యాయానికో మనిషి. ఆ మనిషి చూసిందే మనం చూస్తాం, ఆ మనిషికి తెలిసిందే మనకు తెలుస్తుంది. తల్లి కాట్లిన్ పేరిట అధ్యాయాలున్నాయి. తమ్ముడు బ్రాన్‌కి, చెల్లెళ్లిద్దరికీ ఉన్నాయి. రాబ్‌కి ఒక్కటి కూడా లేదు. రెండో పుస్తకంలో అతను పడమటి యుద్ధానికి వెళ్లిపోతే మనం తల్లి దగ్గరే ఉండిపోతాం. మూడో పుస్తకంలో తిరిగొచ్చేసరికి పక్కన భార్య ఉంటుంది, జెయిన్ వెస్టర్లింగ్. జరిగింది తల్లికి తలదించుకుని చెబుతాడు. కోట పట్టేటప్పుడు గాయపడ్డాడు. ఆ పిల్ల సేవ చేసింది. తమ్ముళ్లిద్దరూ చనిపోయారన్న తప్పుడు కబురు వచ్చిన రాత్రి ఓదార్చింది. తెల్లారి, ఆమె పరువు పోకూడదని పెళ్లాడాడు. ఫ్రే అనే వంశంవాళ్ల పిల్లను చేసుకుంటానని ఇచ్చిన మాట అక్కడ తప్పింది. ఆ పిల్ల పరువు నిలపడానికి తన పరువు వదులుకున్నాడు. తండ్రి నెడ్ ఏ గుణం వల్ల తల పోగొట్టుకున్నాడో కొడుకూ ఆ గుణం వల్లే పోతాడు. పదహారేళ్ల కుర్రాడు! ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు దాన్ని తెరకు రాయాలి. రాబ్ వేషానికి రిచర్డ్ మాడెన్ ఉన్నాడు. రెండో సీజన్ పది ఎపిసోడ్లూ అతన్ని దాచేసి, మూడో సీజన్‌లో భార్యతో సహా తెచ్చి నిలబెడితే చూసేవాళ్లకు అతని మీద మమకారం ఎక్కడినుంచి వస్తుంది? పుస్తకంలో మనం తల్లి మనసులో కూర్చుని కొడుకు కోసం ఎదురుచూస్తాం, అది చాలు. కెమెరాకు ఆ వీలు లేదు, అది ఎప్పుడూ మనిషికి బయటే నిలబడుతుంది. అందుకే సిరీస్ రాసిన డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్ రాబ్ వెంట యుద్ధానికి వెళ్లారు. వెళ్లాక అక్కడ చూపించడానికి ఏదో జరగాలి కదా! గాయపడ్డ సైనికులకు కట్లు కట్టే టాలీసా అలా పుట్టింది. ఇంతవరకూ నేను వాళ్ల పక్షమే. నన్ను బాధపెట్టింది ఆ తర్వాతి సంగతి. ప్రేమ వచ్చి కూర్చునేసరికి పరువు అన్న మాట లేచిపోయింది. తెర మీద రాబ్ మనసుపడి మాట తప్పాడు. అలాంటి కుర్రాడి కథ కూడా విషాదమే, కానీ అతనిలో నెడ్ కొడుకు కనిపించడు. మాట తప్పినందుకు ఫ్రే వాళ్లు ఒక పెళ్లి విందుకు పిలిచి రాబ్‌ని చంపిస్తారు. పుస్తకంలో జెయిన్ ఆ నెత్తుటి పెళ్లికి వెళ్లనే వెళ్లదు. 2013లో వచ్చిన ఎపిసోడ్‌లో టాలీసా గర్భంతో అక్కడే చనిపోతుంది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఇది వేరే కథ అనుకున్నాను.

ఇలాంటి తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. చాలా ఏళ్ల కిందట, వారపత్రికలో వచ్చిన ఒక నవలను డైలీ సీరియల్‌గా రాశాను. అందులో ఒక మేనత్త ఉంది. ఆవిడ చేసేదల్లా సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని మేనకోడలికి తల దువ్వడం. ఆర్టిస్టులు ఎక్కువయ్యారు, ఒకరిని తగ్గించమన్నారు. ఆవిడను తీసేశాను. వంద ఎపిసోడ్లు దాటాక ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్లే సీను రాయబోతే కలం కదల్లేదు. వెళ్లే ధైర్యం ఆ పిల్లకు ఎక్కడిదో అప్పుడు వెతుక్కున్నాను. ఆ సాయంత్రాలదే. నవలలో ఎక్కడా ఆ మాట రాసి లేదు, చదివినవాళ్లకు తెలిసిపోతుంది అంతే. అప్పటికప్పుడు ఒక స్నేహితురాలిని పుట్టించి సీను నడిపించాను. రేటింగులేమీ తగ్గలేదు. కానీ నవల రాసిన పెద్దావిడ ఫోన్ చేసి, “మా అత్తయ్య ఏమైందమ్మా?” అని అడిగారు. ఏం చెప్పను?

పెద్ద నవలను తెరకెక్కించేటప్పుడు పాత్రలను తీసేయక తప్పదు. తీసే ముందు ఆ పాత్రకు కట్టి ఉన్న దారాలు ఎక్కడెక్కడికి పోతున్నాయో చూసుకోవాలి. ఫాంటసీలో ఈ దారాలు వేలల్లో ఉంటాయి. ఎందుకంటే అక్కడి లోకమే రచయిత అల్లింది.

డబ్బు గురించి కూడా అడిగారు. మొదటి సీజన్‌లో రాబ్ శత్రుపక్షంలోని టిరియన్ యుద్ధానికి బయల్దేరగానే దెబ్బ తగిలి పడిపోయి, అంతా అయ్యాక కళ్లు తెరుస్తాడు. పుస్తకంలో అతను ఆ యుద్ధం చేస్తాడు. అది నిజంగా డబ్బు సమస్యే. రెండో సీజన్‌లో బ్లాక్‌వాటర్ యుద్ధానికి, సిరీస్‌ను ప్రసారం చేసే హెచ్‌బీఓ ఛానెల్ నుంచి అదనంగా డబ్బు అడిగి తెచ్చుకున్నారు, ఆ ఎపిసోడ్ మార్టిన్‌ గారే రాశారు. ఆయన అంతకుముందు టీవీలో పనిచేసిన మనిషి. రాసిన స్క్రిప్టులు ఖర్చెక్కువని కోయించుకుని విసిగి, ఏ లెక్కా లేకుండా రాసుకోవాలని ఈ నవలలు మొదలుపెట్టారు. ఖర్చు పిడుగు ఎక్కువగా పడింది నెడ్ పిల్లలు పెంచుకునే తోడేళ్ల మీద. పుస్తకంలో నెడ్ తన కొడుకని చెప్పి పెంచిన జాన్, కూతురు ఆర్యా కూడా కలల్లో తమ తోడేళ్లై తిరుగుతారు. సిరీస్‌లో ఆ పిల్లల్లో బ్రాన్‌కి మాత్రమే ఆ విద్య మిగిలింది. నిజం తోడేళ్లను విడిగా చిత్రించి, కంప్యూటర్‌లో పెద్దవి చేసి సీనులో కలపాలి. మరోపక్క డ్రాగన్లు పెరుగుతున్నాయి. జాన్ తోడేలు ఘోస్ట్ ఏడో సీజన్‌లో కనిపించనే లేదు.

ప్రశ్న: మేడమ్, నేను పీజీ చదువుతున్నాను. ఒక ఫాంటసీ నవలను వెబ్‌సిరీస్‌గా రాయాలని ఉంది. మూలానికి కట్టుబడి ఉండాలంటారు. అంటే ఉన్నది ఉన్నట్టు రాయడమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదమ్మా. అదే సిరీస్ మొదటి సీజన్ అయిదో ఎపిసోడ్‌లో రాజు రాబర్ట్, రాణి సెర్సీ ఒక గదిలో కూర్చుని తమ కాపురం ఎలా చెడిందో మాట్లాడుకుంటారు. ఆ సీను పుస్తకంలో లేదు. వాళ్లిద్దరి పేరిటా ఆ పుస్తకంలో అధ్యాయాలు లేవు కాబట్టి ఉండే వీలే లేదు. ఎపిసోడ్లు నిడివి చాలక కొత్త సీన్లు రాయాల్సి వచ్చింది, వాటిలో ఇదొకటి. కొత్తగా రాసిందే అయినా పుస్తకంలోని మనుషులే మాట్లాడుతున్నట్టుంటుంది. నా లెక్కలో అదే కట్టుబడి ఉండటం. రెండో సీజన్‌లో ఆర్యా, ఆమె ఇంటి శత్రువు టైవిన్ దగ్గర పనిచేసే సీన్లు కూడా అలాంటివే. పుస్తకంలో ఆమె కొలువు చేసింది రూస్ బోల్టన్ అనే మరో ప్రభువు దగ్గర.

ఇంకో సంగతి. బెనియాఫ్, వైస్ 2006లో మార్టిన్ గారిని భోజనం దగ్గర కలిసి హక్కులు అడిగితే, ఆయన “జాన్ స్నో తల్లి ఎవరు?” అని అడిగారట. అప్పటికి నాలుగు పుస్తకాలు వచ్చాయి, జవాబు ఎక్కడా విప్పి చెప్పలేదు. చెల్లెలు చనిపోతూ తీసుకున్న మాట నెడ్ తలపుల్లో మళ్లీ మళ్లీ మెదులుతుంది, అంతే. వాళ్లు సరిగ్గా చెప్పారు. మీరూ మీ నవలకు అలాంటి ప్రశ్న ఒకటి వేసుకోండి. తర్వాత, పాత్ర ఏమీ చేయకుండా ఆలోచిస్తూ ఉండే అధ్యాయం ఒకటి తీసుకుని, వెనకనుంచి గొంతు వినిపించకుండా మూడు పేజీల సీను రాయండి. చేతులకు పని ఇవ్వండి. రాసి నాకు పంపండి, తప్పకుండా చదువుతాను.

ప్రశ్న: అంత బాగా నడిచిన సిరీస్ చివర్లో ఎందుకు తడబడింది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2011 ఏప్రిల్‌లో సిరీస్ మొదలైంది, జూలైలో అయిదో పుస్తకం వచ్చింది. ఆరోది ఇంకా రాలేదు. సిరీస్ 2019లో ముగిసింది. చివరికి ఎవరు ఏమవుతారో మార్టిన్ గారు ముఖ్యమైనంతవరకు నోటితో చెప్పారు. చేరాల్సిన ఊరు తెలిసింది, దారి తెలియలేదు. పైగా సీజన్‌కు పది ఎపిసోడ్లు ఉండేవి చివరి రెండింటికీ ఏడు, ఆరు అయ్యాయి. డ్రాగన్ల రాణి డెనేరిస్ నగరాన్నే తగలబెట్టేంతగా మారిపోవడానికి చాలా సమయం కావాలి, అది ఇవ్వలేదు. ఆగి పుస్తకం కోసం ఎదురుచూడొచ్చుగా అంటారేమో. బ్రాన్‌గా వేసిన అబ్బాయి పదేళ్లవాడిగా మొదలుపెట్టి, ముగిసేసరికి ఇరవైకి దగ్గరపడ్డాడు. కాగితం మీద పిల్లలు ఆగుతారు, సెట్‌లో ఆగరు.

ప్రశ్న: మన చందమామ సీరియళ్లను ఇలా ఎవరూ ఎందుకు తీయరు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ప్రశ్న నేనూ చాలా ఏళ్లుగా అందరినీ అడుగుతున్నానండీ. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ నెలనెలా వచ్చినవి. ప్రతి భాగం చివరా ఊపిరి బిగబట్టించే ఘట్టం ఉంటుంది, అంటే ఎపిసోడ్లుగా విడదీసే పని ఆయనే చేసిపెట్టారు. మనసులోని గొడవ తక్కువ, కదలిక ఎక్కువ. రాబ్ విషయంలో వచ్చిన చిక్కు ఇక్కడ రాదు. వచ్చే చిక్కు వేరు. చిత్ర గారు గీసిన రాక్షసులు, మాంత్రికులు మన కళ్లలో ఉండిపోయారు. తెర మీద రాక్షసుడి మూతి ఆ బొమ్మలోలా లేకపోతే మొదట నేనే ఒప్పుకోను. కాబట్టి బొమ్మల దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. ఎవరైనా ముందుకొస్తే మొదటి ఎపిసోడ్ నేను రాస్తాను. మీ ఇంట్లో పాత సంచికలుంటే మాత్రం దయచేసి తూకానికి వేయకండి.